సొంతంగా కట్టిన గొంతు

పై వాటా టైలరమ్మ అందని మెట్లు తుడిచే ఆవిడ వచ్చి చెప్పింది. కింద వాటా కోడలు మామగారి నోరు కట్టేసిందట. ఇదివరకు పొద్దున లేచింది మొదలు ఆ ముసలాయన కంప్యూటరు గోడలు దాటి వినిపించేదట, ఇప్పుడు వారమై చడీ చప్పుడూ లేదట. వైరు పీకి దాచేసి ఉంటుందని టైలరమ్మ తేల్చేసిందట.

కోడలు తను పనిచేసే మందుల దుకాణానికి బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. ఒక చెప్పు కాలికి ఎక్కింది. రెండోది చేతిలో ఆగిపోయింది.

"కట్టేసింది నేను కాదు, ఆయన కన్నకొడుకు. నా నాలిక్కి కూడా కొలతలు తీసుకోమని చెప్పు మీ టైలరమ్మని" అంది.

మామగారికి గొంతు ఆపరేషన్‌తో మాట పోయింది. అప్పటినుంచీ ఆయన ఒంటివేలితో టైపు చేస్తే ఆ పాత కంప్యూటరు చదివి వినిపించేది. రోజూ పొద్దున ఫోను దాని స్పీకరు దగ్గర పెట్టుకుని వాళ్ళ అక్కతో కబుర్లాడేవాడు. అక్కకి చూపు ఆనదు. రాసి పంపితే చదవలేదు, వినాల్సిందే.

వారం కిందట కొడుకు ఆ సాఫ్ట్‌వేర్ పీకేశాడు. "ఆ రేకుడబ్బా గొంతేంటి? నాన్న పాత రికార్డింగులు ఉన్నాయి. ఆయన గొంతే పలికేలా నేను కడతా" అన్నాడు. అప్పటిదాకా మళ్ళీ పాతదే పెట్టమంటే వినలేదు. ఆ పాత గొంతుకి ఇంటర్నెట్‌లో ఎవరో కట్టి ఉంచిన ప్యాకేజీ ఉంది, దింపుకుంటే కాఫీ చల్లారేలోపు పని అయిపోతుంది. కొడుకుగారికి అది నామోషీ. ముడిసరుకులాంటి సోర్స్ కోడ్ తెచ్చి, ముక్కముక్కా తన చేత్తో కంపైల్ చేసి ప్రోగ్రాము కడితేనే పని చేసినట్టు. ఆ ముసలి కంప్యూటరు రోజంతా రొప్పుతుంది, తీరా చివరికొచ్చాక ఏదో దొరకలేదని ఎర్రక్షరాలు కక్కి చతికిలబడుతుంది. మళ్ళీ మొదలు.

ఇవాళ మధ్యాహ్నం అక్కకి గుండె ఆపరేషను. ఆస్పత్రి దూరం, మామగారికి ప్రయాణం పడదు. "కాగితం మీద రాయండి, ఫోనులో నేను చదువుతాను" అంది కోడలు. ఆయన తల అడ్డంగా ఊపాడు. అక్కతో చెప్పుకునేవి కోడలి నోటితో చెప్పించుకోవడం ఆయనకి మింగుడుపడలేదు. అది ఆవిడకీ తెలిసింది, మరి బలవంతపెట్టలేదు.

భోజనానికి ఇంటికి వచ్చేసరికి స్క్రీన్ నిండా ఎర్రక్షరాలు. దాని ముందు మామగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కోడలు మొగుడికి ఫోను చేసింది.

"ఆగిపోయింది."

"ముట్టుకోకు. ముప్పాతిక వంతు అయిపోయింది. వచ్చి చూస్తా."

"మీ అత్తని లోపలికి తీసుకెళ్ళబోతున్నారు. రెడీగా ఉన్నది దింపేస్తున్నా."

"ఎవడో కట్టినదాంట్లో ఏముందో నీకేం తెలుసు?"

"మా దుకాణంలో మాత్రలు నేను నూరి ఇస్తున్నానా? జ్వరంతో వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, ఉండు నాయనా, ఇప్పుడే కల్వం కడుగుతున్నా అంటే ఊరుకుంటాడా?"

పెట్టేసింది. ప్యాకేజీ పేరు కొట్టి, అది అడిగినదానికల్లా, సగంలో ఉన్నది చెరిపేయనా అన్నదానికీ సరే అంది. చేతులు కడుక్కుని వచ్చేసరికి అయిపోయింది. దీనికా వారం రోజులు అనుకుంటే ఆవిడ చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి.

ఆస్పత్రిలో మేనకోడలు ఫోనెత్తింది. "తొందరగా మామయ్యా, స్ట్రెచర్ వచ్చేసింది."

ఆయన వేలు అక్షరాలు వెతుక్కుంది. "అక్కా, నేను" అంది రేకు గొంతు.

"వచ్చావా" అంది అక్క నీరసంగా. "ఇన్నాళ్ళూ ఏమైపోయావురా? నా మీద కోపమా?"

ఆయన తొందర తొందరగా కొట్టాడు. తప్పు అక్షరం పడింది. చెరిపి మళ్ళీ కొట్టాడు. ఈలోగా "ఉంటాం మామయ్యా" అన్న మాట, చక్రాల చప్పుడు, ఫోను కట్టయిపోవడం. అప్పుడు పలికింది కంప్యూటరు, "కోపం లేదక్కా" అని, ఎవరూ లేని ఫోనుతో.

కోడలు తిరిగి దుకాణానికి వెళ్ళలేదు. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

కొడుకు వచ్చేసరికి ఆస్పత్రి నుంచి ఇంకా ఏ కబురూ లేదు. భుజాన సంచీ దించకుండానే స్క్రీన్ చూశాడు.

"ఎవరు తీసేశారు?"

"నేనే."

"ముప్పాతిక అయిందని చెప్పానా లేదా? మొత్తం బూడిదపాలు చేశావు."

"మీ చొక్కా ఎవరు కుట్టారు?"

"ఏంటి?"

"దూది ఏరి, వడికి, నేసి, కుట్టుకుని వెళ్ళారా ఆఫీసుకి? వేళకి ఒంటి మీద బట్ట ఉండాలని కొన్నదే తొడుక్కున్నారుగా. ఆయన మాత్రం మీ మగ్గం మీంచి దిగేదాకా దిసమొలతో నిలబడాలి."

"నేను చేసేది ఆయన కోసమే. ఈ గొంతు ఎవడిదో. నాన్న గొంతు నాన్నకి ఇద్దామనుకోవడం తప్పా?"

"ఆయన అడిగాడా?"

అతను తండ్రి కుర్చీ పక్కన చతికిలబడ్డాడు. "నాన్నా, దీన్ని తీసేసి మళ్ళీ మొదలుపెడతా. కాస్త ఓపిక పట్టు. అత్త బయటికి వచ్చేసరికి నీ సొంత గొంతే వింటుంది."

మామగారు కొడుకు వైపు చూడలేదు. నెమ్మదిగా, ఒక్కో అక్షరం నొక్కి కొట్టాడు. చివర ప్రశ్న గుర్తు కూడా పెట్టాడు కాని ఆ గొంతుకి పైకి లేవడం రాదు.

"బయటికి రాకపోతే."