విప్పిన యాంటెన్నా

ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఆ అమ్మాయికి 'మకాం' అని పేరు పెట్టారు, ఏ పనిలోనూ కుదురుగా ఉండక మకాం మార్చేస్తుందని. మొదట మట్టిలో పాతిన పరికరాల నుంచి తీగ లేకుండా సమాచారం రప్పిస్తానంది. వాన పడి మట్టి తడిసేసరికి సిగ్నల్ కాస్తా చచ్చి ఊరుకుంది. ఆ తర్వాత జనం కిక్కిరిసిన చోట ఫోన్లు కలవని గొడవ తీరుస్తానంది. లెక్క కుదిరింది గానీ, అది పనిచేయాలంటే ప్రతి జేబులోనూ ఇటుకంత బ్యాటరీ ఉండాలని తనే తేల్చి, తనే చాప చుట్టేసింది. ఆమె గైడ్‌కి మాత్రం ఈ పిల్లంటే లోలోపల ముచ్చటే. పనికిరానిదాన్ని పనికొస్తుందని బుకాయించడం ఆమెకు చేతకాదు మరి.

మూడోది గోడల చాటు రేడియో. చిటికెడు కరెంటుతో రెండు గోడల అవతలికి సందేశం పంపాలి. ఇది ఎంత బాగా పనిచేసిందంటే, గైడ్ కనబడ్డవాళ్లందరి దగ్గరా ఊదరగొట్టేశాడు. ఇక థీసిస్ పరీక్షించే కమిటీ ఒప్పుకుంటే డిగ్రీ, లేదంటే ఇంటికి. గడువు అప్పటికే పొడిగించి పొడిగించి ఉంది.

కమిటీ కూర్చునే రోజు పొద్దున ఆమె గైడ్ గదిలోకి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, రేడియో పెట్టె పక్కకి జరుపుదామని యాంటెన్నా విప్పాను. అయినా సందేశం వచ్చింది."

గైడ్‌కి విషయం తెలిసిపోయింది. యాంటెన్నా లేకుండా వచ్చిందంటే అది గాల్లోంచి రావడం లేదు. సందేశం పంపే పెట్టె, అందుకునే పెట్టె, రెండింటి గడియారాలూ కలిసి నడవాలని వాటి మధ్య గోడల్లోంచి ఒక కేబుల్ వేశారు. సిగ్నల్ దాని వెంట దొంగదారిన పాకుతోందన్నమాట.

"ముందు ఈ గండం గట్టెక్కనీ అమ్మా. తర్వాత నింపాదిగా చూద్దాం," అన్నాడు. అన్నాక ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

కమిటీ ముందు సందేశం ఠంచనుగా వచ్చింది. పెద్దలు తలలూపారు. గైడ్ ఊపిరి పీల్చుకున్నాడో లేదో, ఆమె లేచి వెళ్లి యాంటెన్నా విప్పి బల్ల మీద పెట్టింది. తెర మీదికి సందేశం మళ్లీ వచ్చింది.

"ఇది గాల్లో రావట్లేదండీ, కేబుల్లో వస్తోంది. నా ఫలితాలన్నీ తప్పే," అంది.

పరువు పోయిందని గైడ్ కుంగిపోవాలి నిజానికి. కానీ ఆయనకు ఏ శిష్యుడి విషయంలోనూ కలగనంత గర్వం కలిగింది. లేచి నిలబడ్డాడు. "నాకు పొద్దున్నే చెప్పింది. ఆగమన్నది నేను."

ఆ రంగంలో పేరుమోసిన కమిటీ అధ్యక్షుడు ఆ విప్పిన యాంటెన్నాని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గడువు పెంచమని నేనే రాస్తాను. ఇలాంటి దొంగదారుల్ని పట్టుకోవడం ఎలాగో, అదే నీ థీసిస్ చెయ్యి," అన్నాడు చివరికి.

మిగతావాళ్లు బయటికి నడిచారు. అధ్యక్షుడు మాత్రం వెనకే ఆగి, గొంతు బాగా తగ్గించాడు.

"ఏమ్మా, మా ల్యాబ్‌లోనూ ఇవే పెట్టెలు, ఇదే కేబుల్. రేపోసారి వచ్చి మా యాంటెన్నా కూడా విప్పి చూస్తావా?"