పుట్టమన్ను బరి

బడి గేటుకి తాళం పడుతుంటే దాలమ్మ కళ్లారా చూసింది. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నరసన్నపేట సంతకు పోతున్నదల్లా ఆగిపోయింది. కామందు జగన్నాధం మనుషులు చెడుగుడు బరిని తడిపి, దిమ్మిసలతో కొట్టి, పేడతో అలుకుతున్నారు. ఆయనగారి వరి నూర్చడానికి బడి ఆవరణే కళ్లం కావాలట. బడి కమిటీ ప్రెసిడెంటు ఆయనే మరి!

ఆ బరి ఊరికే పుట్టిందా? అరవై అయిదులో కూలివీధిలో గడప గడపా తట్టెడు పుట్టమన్ను మోసి పోసింది. పడ్డ పిల్లకు దెబ్బ తగలకూడదని ఏరి తెచ్చిన మెత్తటి మన్ను. దాలమ్మ రెండు తట్టలు పోసింది, ఒకటి కొడుకు అసిరయ్య పేరు చెప్పి. అసిరయ్య కూతకి దిగితే ఊపిరి తెగేది కాదు. "కడుపులో కొలిమితిత్తి ఎట్టుకున్నావేట్రా?" అని నవ్వేవారు జనం.

తాళం పడ్డాక పిల్లలు రాళ్ల బీడులో గీత గీసుకున్నారు. మూడో నాడు అసిరయ్యను కాళ్లు పట్టి లాగారు. తల రాతికి కొట్టుకుంది. కూత నోట్లో ఉండగానే ప్రాణం పోయింది. పద్దెనిమిదేళ్లవాడు.

ఆనాటి నుంచీ పొద్దు వాలేవేళకి ఆ తాళం వెనక నుంచి దాలమ్మకు కూత వినిపించేది. చెడుగుడు చెడుగుడు చెడుగుడు... ఊచలు పట్టుకు చూస్తే ఏముంది? అలికిన కళ్లం, వరికుప్ప. చెవులు మూసుకుంటే మరింత దగ్గరకొచ్చేది.

"నాను ఇన్నాను మావా, మా ఓడే" అంది మామ నూకయ్యతో.

"ఎర్రిదానా, సచ్చినోడు కూత పెడతాడేటే?" అన్నాడు నూకయ్య. అన్నాడే గానీ ఆ దారిన నడవడం మానేశాడు.

పెద్దకర్మ నాడు వీధంతా కూడింది. కూలిసంఘం ఎల్లాజీ లేచాడు.

"గేటు తీయించాల. ఎవులొస్తారు?"

"ఒరే, జాగా కామందు తాత ఇచ్చినాడు" అన్నాడు నూకయ్య. "రేపు కూలికి పిలవకపోతే గంజికేటి సేస్తావు?"

పక్కింటి బుల్లమ్మ ఊరుకుంటుందా! "దారపోసి ఇచ్చిన పిల్లని మాయింట్లో వంటసెయ్యమని లాక్కెళ్తారేటి?"

అందరూ నవ్వారు. దాలమ్మ నవ్వలేదు.

"జాగా ఆల్దే అననీ. మన్ను నాది. రెండు తట్టలు ఏసినాను. నా మన్ను నాకు కావాల. ఆ పేడ కింద మా ఓడికి ఊపిరాడతన్లేదు."

నూకయ్యే లేచి చూరులోంచి తట్ట తీశాడు. "నాదీ ఒక తట్ట ఉన్నాది, కోడలా."

మర్నాడు ఎనభై తట్టలు కదిలాయి. తాళం మీద మొదటి గునపం దెబ్బ నూకయ్యది. కామందు వరి గింజ ఒక్కటి పోనివ్వలేదు. పనలన్నీ బడి అరుగు మీదికి చేర్చారు. పేడపెచ్చు పగలగొడితే అడుగున అదే మన్ను, మెత్తగా. దాలమ్మ తట్ట నింపింది. ఎత్తబోయి, ఆగి, అక్కడే కుమ్మరించింది. అది చూసి ఒక్కొక్కరే కుమ్మరించారు. చేతులతోనే చదును చేశారు. బుల్లమ్మ ముగ్గుతో గీత వేసింది.

పొద్దు వాలుతుండగా పోలీసు వ్యాను వచ్చింది.

"మొదటి తట్ట ఎవరిది?" అన్నాడు జమేదారు.

తట్టలన్నీ ఒక్క కుప్పగా పడి ఉన్నాయి. ఏది ఎవరిదో వాళ్లకే తెలియదు.

"ఏరుకోండి బాబూ" అంది బుల్లమ్మ.

చేతికందిన ఎల్లాజీని, నూకయ్యను, దాలమ్మను వ్యానులోకి తోశారు. వ్యాను కదిలింది. వెనక నుంచి కూత.

చెడుగుడు చెడుగుడు...

దాలమ్మ చెవులు మూసుకుంది. నూకయ్య ఆమె చేతులు లాగేశాడు.

"మూసుకోకే. నాకూ ఇనబడతన్నాది."

జాలీలోంచి చూసింది. ముగ్గుగీత మీద పిల్లల్లో ఒకడి ఊపిరి తెగేలోగా ఇంకొకడు కూత అందుకుంటున్నాడు. ఆ తర్వాత బుల్లమ్మ, కొంగు దోపుకుని. జమేదారు అక్కడ కాపలా ఉంచిన కానిస్టేబుళ్లు లాఠీలు పట్టుకుని గీతకి అవతలే నిలబడిపోయారు.

వ్యాను మలుపు తిరిగింది. కూత తెగలేదు.