ఎనిమిదిలోపు పాస్తా

ఆరున్నరకి స్టవ్ వెలిగించాను. ఎనిమిదికి మురుగన్ వస్తాడు. మా ఆయన కూతురు సత్యకి మేనమామ, మంసాపురంలో ఉంటాడు. పిల్ల ఇక్కడ సరిగా తినడం లేదని విని, తీసుకుపోయి తన దగ్గరే చదివించుకుంటానన్నాడు. మా ఆయన మిల్లుకి పోతూ, "తినని పాపని పట్టుకొని ఏమి చేసేది, పోనీ" అన్నారు. ఆయనకి పోనీ అనడం సులువే.

ఈ ఇంటికి రెండో భార్యగా వచ్చి నాలుగు నెలలు. సత్యకి పదకొండేళ్ళు, తల్లి పోయి రెండేళ్ళు. సవతితల్లి చేతి కూడు తినలేక వెళ్ళిపోయిందని ఊరంతా అంటే అననీ, అది కాదు నా బాధ. ఆ పిల్ల పోకూడదు. జడ వేస్తుంటే తల వంచుకుని కూర్చుంటుంది చూడండి, అప్పుడే అనుకున్నాను, ఇది నాదని.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ పిల్ల అడగనే అడగదు. నాలుగు ముద్దలు కెలికి పళ్ళెం తోసేస్తుంది. నిన్న మాత్రం స్నేహితురాలి ఇంట్లో తెల్లగా, గుజ్జుగా పాస్తా తిన్నానని వాళ్ళ అవ్వతో, అదే మా అత్తతో, చెబుతుంటే విన్నాను. అంతే, ఈ రోజు బజారుకి పోయి ప్యాకెట్ కొన్నాను.

ఫోన్లో వీడియో పెట్టుకున్నాను. అందులో వండే అమ్మాయికి తొందరే లేదు. నాకు ఒళ్ళంతా తొందరే. మరిగే నీళ్ళలో ఉప్పు వేయమంది, వేశాను. పాస్తా ఉడికేలోపు క్యారెట్, బీన్స్ తరిగాను, వేలు కూడా కాస్త తరిగాను. వెన్నలో మైదా వేయించి పాలు పోస్తే ఉండలు కట్టింది. ఆ ఉండల మీద నా కోపమంతా తీర్చుకున్నాను. రెండు రోజులుగా దాచిన మీగడ కలిపి, చీజ్ తురిమి, పాస్తా వంచి, వేయించిన ముక్కలతో పాటు అందులో వేశాను. అప్పుడే ఫోన్ మోగింది.

"అక్కా, బయలుదేరినాను. పాప బ్యాగు రెడీనా?" మురుగన్.

"ఊఁ" అని పెట్టేశాను. చూస్తే నా చేతిలో ఉప్పు డబ్బా మూత ఉంది. వేశానా? వేయబోతూ ఆగానా? ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే.

ఇంకో ఇల్లయితే గరిటె నుంచి ఒక చుక్క నాకి చూస్తారు. చోళపురంలో మా అమ్మ అలాగే చూసేది. ఈ ఇంట్లో కుదరదు. వండింది ముందు దేవుడి దీపం దగ్గర పెట్టాలి. అంతకు ముందు వండే మనిషి నోట పెట్టిందంటే అంతా ఎంగిలే. నాలుగు నెలలుగా చేతి అంచనాతోనే వండుతున్నాను. మా అత్త వేదవల్లికి బీపీ, ఆమె గంజి వేరు. మా ఆయన ఏది పెట్టినా పెరుగు కలుపుకుని తినేసే మనిషి. నాకేమో అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది.

ఏడూ నలభై. ఇంక తట్టుకోలేక గరిటె ఎత్తాను.

"సుగన్యా! ఏమి చేస్తా ఉండావు?" హాల్లోంచి అత్త. ఆమెకి టీవీ వైపు ఒక కన్ను, వంటింటి వైపు ఒక కన్ను.

"ఏమీ లేదత్తా, కలుపుతా ఉండాను."

"అదేమి సాప్పాడో, ఏమి తిండో, పురుగుల మాదిరి ఉండాది. దాన్ని సామికి ఎట్ల పెట్టేది?"

ఏడుపొచ్చింది. గరిటె దించేసి చూస్తే, సత్య గుమ్మంలో ఉంది. బయటికి పోయే గౌను వేసుకుంది. వచ్చి అరచెయ్యి చాపింది. నాకర్థం కాలేదు.

"చేతిలో ఒక చుక్క వెయ్యి. అమ్మ నా చేతిలో వేసే ఉప్పు చూసేది. చిన్న పిల్లోళ్ళు తింటే ఎంగిలి లేదు. అవ్వనడుగు."

హాల్లో అత్త టీవీ సౌండు పెంచింది. ఊది ఊది చల్లార్చి, ఆ అరచేతిలో వేశాను. సత్య నాలుకతో చూసి, ముఖం అష్టవంకర్లు తిప్పింది.

"ఉప్పు. శానా ఉప్పు."

"అయ్యో."

"దినమూ ఇట్లనే ఉంటుంది. సాంబారు, పొరియల్ కూర, అన్నీ."

"మరి చెప్పొద్దా పాపా! నాలుగు నెలలు!"

"నన్నెవురు అడిగినారు?"

గట్టిగా కూడా అనలేదు ఆ మాట. పొలం పనుల ఇంట్లో పెరిగిన నోరు నాది, ఉప్పు ఎక్కువే అడుగుతుంది. ఆ నోటికి సరిపోతే వంటలో తప్పు లేదని, పిల్లకి నేనంటేనే గిట్టదని అనుకున్నాను. నాలుగు నెలలు రాత్రుళ్ళు దానికే ఏడ్చాను. సిగ్గేసింది.

పాలు పోశాను. మళ్ళీ చెయ్యి చాపింది. "ఇంకా కొంజం పాలు." మళ్ళీ పోశాను. ప్యాకెట్లో మిగిలిన పాస్తా ఉడికించి అదీ వేశాను. గిన్నె చాలక పెద్ద దబరలోకి మార్చాం. బయట బైకు ఆగింది. 

మురుగన్ వంటింటి దాకా వచ్చాడు. "ఏమి పాపా, పోదామా?"

సత్య అరచెయ్యి నాకుతూనే వాళ్ళ మామ వైపు తిరిగింది.

"నేను వచ్చేస్తే రేపు సాంబారుకి ఉప్పు ఎవురు చూస్తారు మామా?"