కూలీ బొమ్మ చెయ్యి

ఆమెను చంపింది మీరే. తుఫానుకు విరిగిన కూలీ బొమ్మ కంచు చేతి స్థానంలో ప్లాస్టర్ చెయ్యి అతికించి, రంగు పూసి, కంచుతోనే పోయించామని బోర్డు పెట్టిన పెద్దమనుషులు మీరే.

ఆ పొద్దున కూడా బొమ్మలత్త బకెట్టు పట్టుకుని, తాడు భుజాన వేసుకుని సముద్రపు రోడ్డు మీదికి వచ్చింది. ఆమె సొంత పేరు జీతమిచ్చే గుమాస్తాకు కూడా గుర్తు లేదు. ఉప్పుగాలి కంచును తినేస్తుంది. ఆ రోడ్డు వెంట నిలబెట్టిన కంచు బొమ్మల్ని మంచినీళ్లతో కడగడమే ఆమె బతుకు. వేళ్ల సందులు పగిలి, అరచేతులు బ్రష్షుకన్నా గరుకు తేలాయి.

మొదటి బొమ్మ, ఓడ దిగి ఊరిని చవగ్గా కొనేసిన కెప్టెన్. తర్వాత, రేవు కట్టించానని చెప్పుకునే బొజ్జ షావుకారు. చివర, రేవు నిజంగా కట్టిన కూలీ: నెత్తిన మూట, దాన్ని పట్టుకున్న చెయ్యి. రేవు కూలీలే చందాలు వేసుకుని నిలబెట్టుకున్న బొమ్మ. శిల్పి ఎదుట మూటతో నిలబడింది ఆమె తండ్రి.

నిచ్చెన లేదు. బస్సుల్లో వచ్చే అతిథుల ఫొటోల్లో పడుతుందని సూపర్‌వైజరు తీయించేశాడు. అడిగితే, బొమ్మకే తాడేసుకుని ఎక్కమన్నాడు.

తుఫాను తర్వాత కూలీ బొమ్మకి కప్పిన గుడ్డ ఆ రోజే తీశారు. కొత్త చెయ్యి చూసి ఆమె మొహం వెలిగింది. నాన్నకి చెయ్యొచ్చిందని వెంట వచ్చిన నీళ్ల ట్యాంకరు డ్రైవరుతో చెప్పుకుంది. ఎప్పటిలాగే తాడు ఆ చేతికే విసిరింది.

"మెడకెయ్యి అత్తా, గట్టిగా ఉంటుంది," అన్నాడు డ్రైవరు.

"మా నాన్న మెడకి తాడేస్తానా?"

"ఇందాక కెప్టెన్ మెడకి వేశావుగా."

"వాడు నాకేమవుతాడురా?"

డ్రైవరు నవ్వుతూ పైపు అందించాడు. ఆమె తాడు బొమ్మ మణికట్టుకి ముడేసి, కొస నడుముకి కట్టుకుని పైకెక్కి, పసిపిల్లాడికి కడిగినట్టు మొహం, చెవుల వెనక కడిగింది. మూట కడగడానికి వెనక్కి వాలింది. చెయ్యి ఊడివచ్చింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. కింద ఆమె కదలకుండా పడి ఉంటే, పైపులో నీళ్లు మాత్రం పారుతూనే ఉన్నాయి.

ఆమే తాడు సరిగ్గా కట్టుకోలేదని రాసుకుంటున్నారట మీరు. సిగ్గుండాలి. ఆ ప్లాస్టర్‌కి సంతకం పెట్టినవాణ్ణి బయటికి లాగండి. ప్రతి బొమ్మకీ నిచ్చెన పెట్టండి. అందాకా బొమ్మలు కడిగే మాలో ఎవరూ బకెట్టు ముట్టరు. బొమ్మ కింది అరుగు మీద పడి ఉన్న ఆ చేతిని మీరూ ముట్టకండి. విరిగినచోట సుద్దలా తెల్లగా ఉంది. మణికట్టుకి ఆమె వేసిన ముడి ఇంకా ఊడలేదు.