లూసియా ‘నేను’ అనదు

రెండేళ్ల ఏడు నెలల లూసియా ఒక్కసారైనా ‘నేను’ అనడం లేదని కెనడాలోని సార్నియాలో ఓ డేకేర్‌లో టీచర్లకు బెంగ పట్టుకుంది. కొలంబియా వాళ్ల పాప. ఇంట్లో అంతా స్పానిషే. ఆ భాషలో ‘నేను’ అంటే ‘యో’ అని హెడ్ టీచర్ కేరెన్ తెలుసుకుని, రెండు వారాలు చెవులు రిక్కించి విన్నది. ఆ మాట రాలేదు. స్పీచ్ థెరపిస్టుకు చూపించాలని తేల్చింది.

అక్కడ ట్రైనింగ్‌లో ఉన్న కాలేజీ విద్యార్థిని దేవిశ్రీ ఖమ్మం నుంచి వచ్చి నాలుగు నెలలైంది. స్పానిష్ ముక్క రాదు. కానీ ఆ మధ్యాహ్నం లూసియా నీళ్ల కోసం చెయ్యి చాపి, కావాలన్నట్టు ‘కియెరో’ అంది. తాగాక, బొమ్మ నోటికి గ్లాసు పెట్టి, నీకూ కావాలా అన్నట్టు ‘కియెరెస్?’ అని అడిగింది.

దేవిశ్రీ ఉలిక్కిపడింది. మాట ఒకటే, చివర మారింది! బ్రేక్‌లో రూమ్మేట్ వర్షకు ఫోన్ చేసింది.

“నువ్వు ‘నేను వస్తున్నాను’ అంటవా, వర్షా?”

“అనను. ‘వస్తున్నా’ అంటా. ఏమైందే?”

“ఆ పిల్ల కూడా అంతే! ‘నేను’ ఆ మాట చివర్లోనే ఉంది!”

ఈ మాట చెబితే కేరెన్ నమ్మీ నమ్మనట్టు చూసింది. సాయంత్రం వచ్చిన లూసియా తల్లి మాత్రం పకపకా నవ్వింది. “మేమూ ఊరికే ‘యో’ అనం. వేరే ఎవరో కాదు, నేనే అని నొక్కి చెప్పాలంటేనే అంటాం. మాకు వస్తువుల్లోనూ ఆడా మగా ఉంటాయి. ‘దాన్ని నాకివ్వు’ అనాలంటే బంతి ఆడది కాబట్టి ‘దామెలా’, పుస్తకం మగది కాబట్టి ‘దామెలో’. రేపు అడిగించి చూడండి, దానికి మాటలు ఎంత బాగా వచ్చో మీకే తెలుస్తుంది.”

మర్నాడు కేరెన్ చూస్తుండగా దేవిశ్రీ బంతిని పైకెత్తింది.

“దామెలా!” లూసియా ఎగిరింది.

పుస్తకం ఎత్తింది.

“దామెలో!”

దేవిశ్రీ కేక పెట్టింది. కేరెన్ పరుగున వెళ్లి చెంచా తెచ్చింది.

“దామెలా!”

కేరెన్ వెంటనే ఫోన్‌లో వెతికింది. చెంచా ఆడదే! చప్పట్లు కొడుతూ నేలమీద కూలబడింది. థెరపిస్టుకు రాసిన కాగితం వెనక్కి తీసుకుంది. సోమవారం టీచర్లందరికీ ఈ సంగతి నువ్వే చెప్పాలని దేవిశ్రీతో అంది.

సాయంత్రం వర్ష కారులో ఎక్కించుకుంది. దేవిశ్రీ మాటలకు కళ్లెం లేదు.

“అది సరే గానీ, మరి కారు ఆడా, మగా?” అంది వర్ష.

“నాకేం తెలుసు? రేపు లూసియానే అడుగుతా!”