మూడో నంబరు పాట

తెల్లవారకముందే లేచి మిచిరు నాలుగు పెద్ద గిన్నెల బార్లీ టీ కాచింది. కాచడం ఒక పని కాదు, చల్లార్చడమే పని. సింకు నిండా చన్నీళ్ళు పట్టి గిన్నెలు దించాలి, ఆ నీళ్ళు వేడెక్కగానే వదిలేసి మళ్ళీ పట్టాలి. తొందరపడి ఐస్ వేస్తే టీ పలచబడిపోతుంది. పలచబడితే పెద్దలు తాగరు. ఆ సంగతి పోయినేడాది తల్లులు ఈ ఏడాది తల్లులకి అప్పగింతల్లో చెప్పి మరీ వెళ్ళారు. ప్రిన్సిపాల్‌గారికి గ్రీన్ టీ. పూర్వ విద్యార్థుల సంఘం అధ్యక్షుడు కుసాకబెగారికి పాలు లేని ఐస్ కాఫీ, అదీ కప్పు ఖాళీ అయ్యేదాకా చూడకూడదు, సగంలో ఉండగానే వెళ్ళి పక్కన నిలబడాలి. స్కూలు బేస్‌బాల్ జట్టు వేసవి పోటీలకి వెళ్తోందంటే ఆటగాళ్ళ తల్లులకీ, బ్యాండు వాయించే పిల్లల తల్లులకీ ఇదీ ఆట.

“అమ్మా, నా తెల్ల తువ్వాలేదీ?” లోపలి నుంచి యోషినోరి కేక వేశాడు. కూతురు కోతోహా పుట్టినప్పటి నుంచీ అతను పెళ్ళాన్ని అమ్మా అనే పిలుస్తాడు. ఆ ఊళ్ళో మగవాళ్ళందరూ అంతే, ఎవరికీ వింత కాదు.

“మీ మెడలోనే ఉందండీ.”

అతను తడుముకుని నవ్వుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. ఒక కప్పు టీ ముంచుకుని తాగి, “ఆ రిత్సుకోకి ఇవాళ చెప్పేస్తావుగా?” అన్నాడు.

“చెప్తాను.”

“గురువారం గురువారం డ్రమ్స్ వాయించడమట! నలభై ఆరేళ్ళకి. మోకాళ్ళకి పట్టీలేసుకుని వాయిస్తావా ఏం? నేను వద్దనడం లేదు సుమా. గురువారాలు నాకు మీటింగులు, ఇంటికొచ్చేసరికి కడుపులో ఎలకలు పరిగెడతాయి. పళ్ళు కట్టించుకున్నాక మా అమ్మకి వేరే మెత్తగా వండాలి. ఆ రెండూ ఎలాగో నువ్వే ఆలోచించుకో. అంతకంటే నేనేం అనను.”

వద్దనకుండానే వద్దనడం అతనికి బాగా చేతనవును. మిచిరు టీని జగ్గుల్లోకి వడపోసింది. నిజానికి ఆమె ఎప్పుడో ఆలోచించేసుకుంది. వీలుపడదని చెప్పేద్దామనే అనుకుంది. రిత్సుకో హైస్కూలు రోజుల నేస్తం. ఇప్పుడు వంతెన అవతల క్షౌరశాల నడుపుతోంది. పాత బియ్యం గోదాం ఒకటి దొరికిందనీ, అప్పటి బ్యాండులో ముగ్గురు ఒప్పుకున్నారనీ, డ్రమ్స్‌కి నాలుగో మనిషివి నువ్వేననీ నెల నుంచి ఫోన్లు చేస్తోంది. “నువ్వు లేకపోతే మేం వాయించేది పాట కాదే, కాకిగోల. ఆదివారంలోగా చెప్పు. కాదన్నావో, పోస్టాఫీసులో రిటైరైన ముసలాయన ఒకడు కర్రలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు,” అంది. ఆ ఆదివారం ఇదే.

పెళ్ళయి వచ్చిన కొత్తలో సామాన్లలోంచి డ్రమ్స్ కర్రలు బయటపడినప్పుడు అత్తగారు చుట్టాలందరి ముందూ, “కోడలు గరిటెలు తెస్తుందనుకున్నాను, కర్రలు తెచ్చింది. ఎవర్ని కొట్టడానికమ్మా?” అంది. అందరూ నవ్వారు. మిచిరు కూడా నవ్వింది. ఆ ఏడే కర్రలు ఎక్కడికి పోయాయో పోయాయి. అడిగితే మళ్ళీ నవ్వుతారని అడగలేదు. తరవాత సూపర్ మార్కెట్ వంటల విభాగంలో నూనె బాండీ ముందు నిలబడే ఉద్యోగం వచ్చింది. అక్కడ మేనేజరు కుర్రాడు ఆమెని “కట్లెట్ ఆంటీ” అంటాడు. దానికీ నవ్వుతుంది. ఒక మనిషి ఇంతింత చిన్న నవ్వులతో ఎంత దూరం నడిచి రాగలదో ఆమె ఎప్పుడూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. చూసుకునే తీరిక ఉండేది కాదు.

తొమ్మిది గంటలకే మత్సుమోతో స్టేడియంలో సిమెంటు మెట్లు పెనంలా కాలుతున్నాయి. చుట్టూ కొండలున్నా గాలి మాత్రం లేదు. మెట్ల మీద బ్యాండు పిల్లలు వరసలు తీరారు. మూడో వరసలో కోతోహా ట్రంపెట్టు తుడుచుకుంటోంది. పై మెట్ల నీడలో కుసాకబెగారూ, ఆయన పక్కన ఒకప్పుడు ఇదే జట్టులో ఆడిన యోషినోరీ, మిగతా పెద్దలూ కూర్చున్నారు. తల్లులు నీడ అంచున జగ్గుల దగ్గర నిలబడ్డారు.

“ఒగత వాళ్ళమ్మా, తడి తువ్వాళ్ళు అయిపోయాయి,” అంది షిమద వాళ్ళమ్మ మిచిరుతో. ఆవిడ జట్టు కెప్టెన్ తల్లి, ఈ ఏటి తల్లులకి పెద్ద దిక్కు.

“ఇదిగో, పిండుతున్నాను షిమద వాళ్ళమ్మా.”

రెండేళ్ళుగా పక్కపక్కన నిలబడి టీ పోస్తున్నారు. ఇంటిపేర్లతోనే పిలుపులు, ఒకరి పేరొకరికి తెలియదు. అవసరం పడలేదు.

అవతలి జట్టు బ్యాటింగంతసేపూ ఇటు మెట్లన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. మనవాళ్ళ బ్యాటింగు మొదలైతేనే బ్యాండు వాయించాలి, అది పద్ధతి. ఒక్కో ఆటగాడికి ఒక్కో పాట. అతను బ్యాటుతో నిలబడ్డంతసేపూ అదే ముక్క తిరిగి తిరిగి వాయిస్తూనే ఉంటారు, పిల్లలు మధ్యమధ్య అతని పేరు పెట్టి అరుస్తారు. ఇద్దరు వచ్చారు, వెళ్ళారు. తరవాత కెప్టెన్ షిమద బ్యాటు పట్టుకుని దిగాడు. ముందు వరసలో ఒక పిల్ల 3 అంకె వేసిన అట్టని పైకెత్తింది.

బ్యాండు ఒక్కసారిగా అందుకుంది.

మిచిరు చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. నీళ్ళు మోచేతి దాకా కారుతున్నా తెలియలేదు. ఆ పాట! ఆమె హైస్కూల్లో ఉన్నప్పుడు నలుగురు అమ్మాయిల బ్యాండు ఒకటి పాడిన పాట. ఆ ఏడాది దేశంలో ఏ స్కూలుకి వెళ్ళినా గిటారు వీపున వేసుకున్న పిల్లలే, ఏ సైకిలు మీద చూసినా ఈ పాటే. స్కూలు ఉత్సవంలో జిమ్నాజియం చెక్క వేదిక మీద రిత్సుకో పాడుతుంటే వెనకాల డ్రమ్స్ మీద తనే. అద్దె డ్రమ్స్, ఒక కాలు విరిగితే ఇటుక పెట్టారు. ఇప్పుడదే పాట అరవై మంది పిల్లల ఊపిరి నిండా లేచి, ఇత్తడి మీద ఎండతో కలిసి మెరుస్తూ కొండల్ని తాకి తిరిగొస్తోంది. దీన్ని ఆ వయసులో రేడియోకి చెవి ఆనించి వినేది. చెవిలో పట్టేంత చిన్న పాట ఇంత పెద్దదా! తనకి తెలియకుండా ఇది ఇన్నాళ్ళూ పెరుగుతూనే ఉందా?

పిల్లలు షిమద పేరు అరిచే విరామంలో గొంతు తడుపుకోవడానికి కోతోహా ఇటు తిరిగింది.

“ఈ పాట మీకెవరు నేర్పారే?” అంది మిచిరు.

“కొత్త బ్యాండు మాస్టారు. మూడో నంబరు.”

“పాట పేరు?”

“అదే అమ్మా, మూడో నంబరు.”

“దీనికి మాటలున్నాయే.”

“మాటలా?” కోతోహా కళ్ళు పెద్దవి చేసింది. అంతలోకే మళ్ళీ ట్రంపెట్టు ఎత్తాల్సొచ్చింది.

షిమద ఔట్ కాలేదు. ఒక్క దెబ్బ తప్పితే పోతాడు, అయినా వచ్చిన బంతినల్లా గీత బయటికి, పక్కకి కొడుతున్నాడు, అలా కొడితే ఔటూ కాదు, పరుగూ రాదు. ఫౌల్. మళ్ళీ ఫౌల్. అతను నిలబడ్డంతసేపూ పాట నిలబడాలి. మిచిరు పెదాలు ఆమెని అడక్కుండానే కదిలాయి.

“గేటు మూసేస్తారేమో, పరిగెత్తు... ఇంకా వెలుగుంది, ఇంకా దారుంది...”

గొణుగుడే. కానీ పక్కనుంచి ఇంకో గొంతు కలిసింది. షిమద వాళ్ళమ్మ! కొడుకు మీంచి కళ్ళు తిప్పకుండా, గరిటె గుండెకి ఆనించుకుని పాడుతోంది. వెనకనుంచి ఇంకొకరు. ఐస్ పెట్టె దగ్గర వంగి ఉన్నావిడ నడుం నిలబెట్టి అందుకుంది. ఈ రెండేళ్ళలో “సరేనండీ,” “క్షమించండి” తప్ప మిచిరు వినని గొంతులవి. రెండోసారి పల్లవిలో మాటలు మారతాయి, సైకిలు గొలుసు ఊడితే నడిచిపోదాం అని వస్తుంది. ఒక్కరూ తడబడలేదు. ఫౌల్. మూడోసారి పల్లవి. ఆ మాటలు పదిహేడేళ్ళప్పుడు అర్థంకాక ఊరికే పాడేసేవాళ్ళు.

“పెద్దవాళ్ళమయ్యాక ఎవరూ పిలవకపోతే, నీ పేరు నువ్వే గట్టిగా పిలుచుకో...”

పదకొండు మంది ఆడవాళ్ళు, టోపీల కింద చెమటలు కారుతూ, నోరారా పాడుతున్నారు. బ్యాండు పిల్లలు వాయిస్తూనే వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నారు. కోతోహా తల్లినే చూస్తోంది, ఈ ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు. ఇందరి కడుపుల్లో ఇన్నేళ్ళు ఇది చెక్కుచెదరకుండా ఎలా ఉందో! కాన్పులూ, వంటలూ, అత్తల మాటలూ దీని మీంచి నడిచి వెళ్ళి కూడా ఒక్క ముక్క చెరపలేకపోయాయి. మిచిరుకి భయంలాంటిది వేసింది, కొండ అంచున నిలబడి లోయ చూసినప్పుడు వేసేలాంటిది.

షిమద కొట్టిన బంతి పైకి లేచి అవతలివాడి చేతిలో పడింది. పాట ఠక్కున ఆగింది.

షిమద వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంది, కొడుకు ఔటైనందుకో దేనికో. “నా పేరు అసాయో,” అంది.

“నాది మిచిరు.”

“పాటలో నువ్వు కాలితో తాళం వేస్తున్నావు. వాయించేదానివా?”

“వాయించేదాన్ని.”

“వాయించేదానివేంటి! ఆ కాలు ఇంకా వాయిస్తోంది, చూసుకో.”

పైనుంచి యోషినోరి గబగబా దిగి వచ్చాడు. చేతిలో కుసాకబెగారి ఖాళీ కప్పు.

“అమ్మా, ఏంటిదంతా? తల్లులు పాడటం ఎక్కడైనా ఉందా? పెద్దాయన కప్పు ఎప్పుడనగా ఖాళీ అయింది, ఒక్కరు చూడరే!”

“కాఫీ ఆ నీలం జగ్గులో ఉందండీ,” అని మిచిరు తువ్వాలు పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని ఫోను తీసింది.

“ఏం చెప్తావో చెప్పు,” అంది అవతల నుంచి రిత్సుకో. “ముసలాయన గుమ్మంలోనే ఉన్నాడు.”

“ఆయన్ని వెళ్ళిపోమను. గురువారం వస్తున్నాను. ప్రతి గురువారం.”

“నిజమేనా? మీ ఆయన్ని అడిగావా?”

మిచిరు తల తిప్పి చూసింది. యోషినోరి రెండడుగుల దూరంలో ఖాళీ కప్పుతో అలాగే నిలబడి ఉన్నాడు.

“అడగలేదే,” అంది. “ఇక్కడే ఉన్నారు. వింటున్నారు.”