కోడలి సంతకం

"పెద్దమనుషులొస్తున్నారు, కాఫీ చిక్కగా పడాలి. యాలకుల దగ్గర పిసినారితనం చెయ్యకు!" అని మామగారు హాల్లోంచి కేకేశాడు. నుహా అప్పుడే అమ్మాన్‌లో ఉద్యోగం నుంచి మాదబాలోని ఇంటికి బస్సులో వచ్చి పడింది. చెప్పులు విడిచిందో లేదో చేతిలోకి గరిట వచ్చింది. ఆశ్రయ గృహంలో పగలంతా దెబ్బలు తిన్న ఆడవాళ్ల గోడు విని, వాళ్లకోసం ఆఫీసుల చుట్టూ తిరిగి పోట్లాడొచ్చినా, ఈ గుమ్మం దాటేసరికి ఆమె ఉమ్ సనద్, సనద్ వాళ్లమ్మ, అంతే. "కుర్చీలో కూర్చుని కబుర్లు వినడానికి జీతం కూడానా!" అంటుంది అత్తగారు, వచ్చినవాళ్లందరి ముందూ.

ఆ సాయంత్రం మాత్రం నుహా విసుక్కోలేదు. అంతమంది మగవాళ్లు కట్టగట్టుకుని వస్తున్నారంటే పిల్లనడగడానికే అనుకున్నారు ఇంట్లో ఆడవాళ్లంతా. ఆడపడుచు రీమా అద్దం ముందునుంచి లేవడం లేదు. అత్తగారైతే కోడలితో కూడా నవ్వుతూ మాట్లాడేస్తోంది, చూడాలి ఆ ముచ్చట! నుహా గింజలు వేయించి, దంచి, మరిగించి, భర్త ముతసిమ్ చేతికి అందించింది. అతను ఆమె ముఖంలోకి చూడకుండా పట్టుకెళ్లాడు. ముగ్గురు ఆడవాళ్లూ వంటింటి తలుపు వెనక చెవులు రిక్కించి నిలబడ్డారు.

వచ్చినవాళ్లలో పెద్ద అబూ నాయిఫ్. ఆయన ముందు కాఫీ పెట్టారు. ఆయన ముట్టుకోలేదు. ముట్టుకోడు కూడా. అడగవచ్చిన పెద్ద తన మాట చెల్లేదాకా ఆ ఇంటి కాఫీ తాగడు. ఇంటాయన "తాగండి" అన్నాడంటే అడిగింది ఇచ్చేసినట్టే. తాగకుండా లేచిపోయాడా, ఆ ఇంటికి అంతకు మించిన తలవంపు లేదు.

"అబూ ముతసిమ్, నీ గుమ్మం గొప్పదని వచ్చాం," అని మామగారితో మొదలెట్టాడాయన. "మా అన్న కొడుకు పెళ్లాం, వఫా, అలిగి వెళ్లిపోయింది. మొగుడూ పెళ్లాం అన్నాక మాటా మాటా రాదా? ఇప్పుడా పిల్ల ఆశ్రయంలో ఉంది. దాని కేసు మీ కోడలి చేతిలోనే ఉందట, రేపు నివేదిక వెళ్తుందట. ఇంటికి పంపితే భయం లేదని ఓ ముక్క రాస్తే చాలు. ఆపైన పూచీ మాది."

రీమా మొహం మాడిపోయింది. వఫా అలిగి రాలేదు. ముందు పళ్లు ఊడి, నోరంతా నెత్తురుతో వచ్చింది. ఇదివరకోసారి ఇలాంటి పెద్దమనుషుల పూచీ మీదే ఇంటికెళ్లింది, నెల తిరక్కుండా చెయ్యి విరిగింది. "ఈసారి పంపితే శవాన్నే చూస్తావక్కా" అని నుహా చెయ్యి పట్టుకుంది. ఆమె ఎక్కడుందో, ఎవరి కాపుదలలో ఉందో బయట పిట్టక్కూడా తెలియకూడదు. మరి వీళ్లకెవరు చెప్పారు? మొన్న వంటింట్లో కూరకి సొరకాయలు తరుగుతూ ఆఫీసుతో ఫోన్లో మాట్లాడింది. తలుపు దగ్గరగా వేసుకునే మాట్లాడింది. ముతసిమ్ మంచినీళ్లకని వచ్చి, తాగి, చాలాసేపు నిలబడ్డాడు. మగవాళ్ల సభలో ఏదో మాటకి "ఆ కేసు మా ఆవిడదే" అని గొప్పకి పోయుంటాడు. ఇంట్లో ఆమె ఉద్యోగాన్ని పైసాకి కొనడు కానీ, బజార్లో అదే తన దర్జా!

"కాఫీ తాగండి!" మామగారి గొంతు ఖంగుమంది. "మా కోడలు మా మాట దాటదు. పనయిపోయిందనుకోండి."

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ కోడలి సంతకం మామ దానం చేశాడు. ఆ కోడలు తలుపు వెనకే ఉంది, పిలిచి అడుగుదామన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు.

వాళ్లు వెళ్లాక మామగారు ఆమెతో మాట్లాడలేదు. "రేపు రాసెయ్యమను" అని కొడుకుతో చెప్పి నమాజుకి వెళ్లిపోయాడు.

"ఒక్క వాక్యం, నుహా," అన్నాడు ముతసిమ్. "నాన్న మాట పోతే నేను తలెత్తుకు తిరగ్గలనా?"

"ఆ పిల్ల చచ్చిపోతే?"

"దాని రాత. నువ్వేమన్నా దేవుడివా?"

"ఊళ్లో ఆడవాళ్లని ఉద్ధరించి సొంత కొంపకి నిప్పెట్టు తల్లీ," అంది అత్తగారు. "ఓర్చుకుని కాపురం చేసినవాళ్లం మేమంతా పిచ్చివాళ్లమే!"

అంట్లు తోముతుంటే ఆ 'ఓర్చుకుని' దగ్గర నుహా చెయ్యి ఆగిపోయింది. ఆ మాట తను ఆశ్రయంలో ఎంతమందితో అనలేదు! పిల్లలున్నారు, ఓర్చుకో. మీ పెద్దవాళ్లు మాటిచ్చారుగా, ఓసారి చూడు. రాజీలు ఎక్కువైతేనే అక్కడి డైరెక్టరమ్మ మొహం విప్పారేది. అదంతా చదువు నేర్పిన పనితనం అనుకుంది ఇన్నేళ్లూ. కాదు, అచ్చంగా అత్తగారి గొంతే. సరే, ఇప్పుడేం చెయ్యాలి? నోరు మూసుకుని నిజమైన నివేదిక రాసి ఊరుకుంటే? వఫా ఎక్కడుందో వాళ్లకి తెలిసిపోయింది, ఆమెని వేరే చోటికి మార్చాలి. ఎందుకు మార్చాలంటే, గుట్టు మా ఇంట్లోంచే పోయిందని చెప్పాలి. చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. మామగారి మాట మాత్రం ఖాయంగా పోతుంది. వఫా భయం పెద్దదా తన భయం పెద్దదా అని తనని తనే అడిగి, ఆ పోలికకే సిగ్గుపడింది.

పొద్దున్నే వెళ్లి అన్నీ రాసింది. వఫాని ఇంటికి పంపకూడదనీ, ఆమె జాడ తన ఇంటినుంచే పొక్కిందనీ, తనని ఒత్తిడి చేశారనీ, ఇకమీద ఈ కేసు తను చూడ్డం తప్పనీ.

డైరెక్టరమ్మ చదివి కళ్లజోడు తీసింది. "ఇంటి గొడవలు కాగితానికెక్కిస్తారా ఎవరైనా? ఇది నీమీద నువ్వే పెట్టుకున్న ఫిర్యాదమ్మా. ఆ భాగం తీసెయ్."

"తియ్యను మేడమ్. ఈ పూటే ఆమెని వేరే ఊరికి పంపించండి."

డైరెక్టరమ్మ విసుగ్గా బండి కోసం ఫోనందుకుంది.

వఫా సంచీ సర్దుకుంటోంది. నుహా ఆమె ఎదుట కూర్చుని దాచకుండా చెప్పింది. మీవాళ్లు మా ఇంటికొచ్చారు. మా మామగారు మాటిచ్చారు. నేనివ్వలేదు. కానీ నువ్వున్న చోటు తెలిసింది నా అజాగ్రత్తవల్లే, నన్ను తిట్టు. వఫా తిట్టలేదు. పళ్లు లేని చోట నాలుకతో తడుముకుంటూ విన్నది. కింద బండి హారన్ కొట్టింది. ఆమె సంచీ భుజానేసుకుని గుమ్మందాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఇక్కడికొచ్చిన ప్రతి ఆడదాన్నీ మొదటిరోజు నుహా అడిగే ప్రశ్నే నుహాని అడిగింది.

"అక్కా, నీకు ఇంటికెళ్లాలంటే భయంగా ఉందా?"

లేదనబోయింది నుహా. పెళ్లయిన నాటినుంచీ ఎవరడిగినా అదే జవాబు. ఈసారి నోటికి రాలేదు.

"ఉంది," అంది.